అడిగినా ఇయ్యొద్దు

"అవ్వా, ఆదివారం నా మొదటి బాడీబిల్డింగ్ పోటీ. అంతవరకూ దినానికి అరగ్లాసు నీళ్లే. ఏడ్చి అడిగినా ఇయ్యొద్దు," అన్నాడు నా మనవడు తిప్పేష్, గురువారం పొద్దున.

"కోచ్ చెప్పినాడా?"

"నాకు కోచ్ యాడుండాడు? ఫోన్‌లో చూసినా. నీళ్లు మానితే తోలు కండకు అతుక్కోని నరాలు తేలతాయంట. ఇంగెవురైనా కరిగిపోతారు. నువ్వు కరగవు."

ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. ఆ మాట నాకు నచ్చింది. బిందెలన్నీ వంటింట్లో పెట్టి తాళం వేశాను. ట్యాంకర్ రాని రోజుల్లో గ్లాసులు కొలిచి పిల్లల్ని పెంచినదాన్ని కనుక దాహానికి భయపడలేదు.

శుక్రవారం కాళ్లు కొంకర్లు పోతున్నాయంటూ గుక్కెడు అడిగాడు. ఇవ్వలేదు. శనివారం గిన్నెలు కడిగిన నీళ్ల బకెట్ మీదికి వంగి కనిపించాడు.

"ఏమప్పా, గొడ్డువా? నువ్వే కదా ఇయ్యొద్దంటివి!" అని బకెట్ లాక్కుని వంపేశాను.

మధ్యాహ్నం మరొక్కసారి అడిగాడు. తర్వాత అడగలేదు.

ఆదివారం ఉదయం ఆసుపత్రిలో వాడి ముఖం మీద గుడ్డ కప్పి, డాక్టరమ్మ నన్ను అడిగింది.

"నీళ్లు అడగడం ఎప్పుడు మానేశాడు?"

"నిన్న మధ్యాహ్నం," అన్నాను.

నిన్న సాయంత్రమే ధర్మవరంలో ఉన్న వాడి అమ్మకు ఫోన్ చేసి, పిల్లవాడికి నిగ్రహం వచ్చిందని చెప్పాను.