అన్నం పెడుతోందా?

“పొద్దు వాలేలోపు మట్టి చెయ్యాలి. బల్ల ఏదమ్మా?” అన్నాడు వడ్రంగి షబ్తయ్.

తెల్లవారుజామున పోయిన పలోంబా భర్త, యూదుల గురువు రబ్బీ యోంతోవ్, ఇంట్లో దుప్పటి కింద ఉన్నాడు. ఆమేమో సలోనికా రేవు పక్కన, అజర్యా అచ్చుకొట్టులో నిలబడి ఉంది. రబ్బీ పిల్లలకు రాసిన వీలునామా అచ్చవుతున్నది అక్కడే. అందులో ఆస్తుల ఊసే లేదు. ఉన్నవన్నీ బుద్ధులే.

“ఆ ముక్క మళ్ళీ చదువు నాయనా,” అంది.

అజర్యా తడి ఆరని కాగితం తీశాడు. “‘ఆకలితో వచ్చినవాళ్ళు కూర్చుని తిన్న నా భోజనబల్లను కోసి, దానితోనే నా శవపేటిక చేయించండి. పైన నా తరఫున సాక్ష్యం చెప్పడానికి అది చాలు.’”

“విన్నావుగా! ఆ బల్లే లేదు. పెద్దమ్మాయి పురుటికి వెళ్ళొచ్చేసరికి మాయం. అడిగితే ‘మరమ్మతుకిచ్చానే’ అని నవ్వేవాడు. అప్పట్నుంచీ వచ్చినవాళ్ళకి చాప మీదే భోజనం. ఆఖరి కోరిక కూడా తీర్చలేకపోతున్నాను.” “నీకు తెలుసు షబ్తయ్. ఎవరికిచ్చాడు?”

“నన్నడక్కమ్మా. ఆయనకు మాటిచ్చాను.”

“మనిషే పోయాక ఇంకా మాటేమిటయ్యా!”

“పోయాడనే కదమ్మా. ఇక ఆ మాట వెనక్కి తీసుకునేవాళ్ళు లేరు.”

అజర్యాకు ఆ బల్ల కళ్ళముందు మెదిలింది. లిస్బన్ నుంచి ఓడ దిగిన రోజుల్లో, ఎవరూ ఎరగని ఊళ్ళో, శుక్రవారం సాయంత్రాలు అతను కడుపునిండా తిన్నది దాని దగ్గరే. రాత్రంతా పొయ్యి మీద ఉడికిన గుడ్లు, శనగల కూర, రబ్బీ తన చేత్తో తుంచి ఇచ్చిన వేడి రొట్టె. బల్ల మీద ఎప్పుడూ తెల్లగుడ్డ ఉండేది. పలోంబా దాన్ని తియ్యనిచ్చేది కాదు. “కింద మూలన మా పెద్దాడి గుర్తుందిలే,” అనేది. ఆ బల్లతో స్పెయిన్ నుంచి వచ్చేటప్పుడు ఆ పిల్లాడు ఓడలోనే పోయాడు. ఎంత మంచి రోజులవి, ఎంత మంచి తిండి!

అంత తిన్నా రబ్బీ మీద అజర్యా మనసులో ఓ ముల్లు ఉండిపోయింది. ఆయన చేతిరాత మనిషి. “ఇనపముక్కలకి భక్తేం తెలుసోయ్?” అనేవాడు. ప్రతి శుక్రవారం స్నానానికి వెళ్తూ కొట్టులోకి వచ్చి, అచ్చుమర కింది పలక మీద అరచెయ్యి ఆనించి మరీ అడిగేవాడు.

“ఏమోయ్, అన్నం పెడుతోందా?”

“పెడుతోంది రబ్బీ.”

“సరే,” అని వెళ్ళిపోయేవాడు. ఆ ఎత్తిపొడుపుకి అజర్యాకు ఒళ్ళు మండేది. అంతకుముందు ఒక చలికాలం పాత పలక పగిలి, కొట్టు మూసి రేవులో మూటలు మోద్దామనుకున్నాడు. షబ్తయ్ ఎక్కడో విరిగిన ఓడదంటూ ఈ అక్రోటు పలక తెచ్చి బిగించాడు. మూలనున్న ఎర్రమచ్చ ఎంత తోమినా పోలేదు గాని, పలక మాత్రం రాయే. దాంతో కొట్టు నిలబడింది. అప్పుడు కూడా రబ్బీ ఒక్క మంచిమాట అనలేదు. ఆ ప్రశ్న మొదలైంది అప్పట్నుంచే.

అయినా తిన్న తిండి తిన్నదే. పలోంబా కళ్ళు తుడుచుకోవడం చూసి అజర్యా ఉండబట్టలేకపోయాడు.

“అమ్మా, ఆ బల్ల దగ్గర ఆకలి తీర్చుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. బల్ల దొరక్కపోతే పోనీ, నా అచ్చుమర పలక కోసుకోండి. ఆ ఇంటి అన్నం తిన్నవాడి చెక్కే కదా.”

షబ్తయ్ చేతిలో రంపం అలాగే ఉండిపోయింది. “ఇది పోతే నువ్వేం తింటావురా?”

“రేవులో మూటలున్నాయిగా!” అన్నాడు అజర్యా. నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. రబ్బీ మాటలు కూర్చిన అచ్చుల చట్రాన్ని జాగ్రత్తగా ఎత్తి పక్కన పెట్టి, సిరా మరకలు తుడిచాడు.

పలోంబా వంగి పలకను చూసింది. ఆమె చెయ్యి దాని అంచు వెంట మెల్లగా నడిచి, మూలకు వచ్చి ఎర్రమచ్చ మీద ఆగింది. తలెత్తి షబ్తయ్ వైపు చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

“పెట్టె వద్దు షబ్తయ్,” అంది. “గుడ్డ చుట్టి, వట్టి మట్టిలోనే పడుకోబెట్టండి.”

“అదేమిటమ్మా!” అజర్యా నిర్ఘాంతపోయాడు. “మరి ఆయన రాసిన మాట?”

ఆమె రబ్బీలాగే ఆ పలక మీద అరచెయ్యి ఆనించింది.

“మా బల్ల ఇంకా అన్నం పెడుతోంది నాయనా.”