దౌపీ తిరగేసిన పొద్దు

“పెనం మీంచి చెయ్యి తియ్యి!”

కువాంగ్ అవ్వ అరుపుకి ఆమె కొట్టు ముందు లైను చివర నిలబడ్డవాళ్ళు కూడా ఉలిక్కిపడ్డారు.

కోడలు పెయ్‌లిన్ చెయ్యి తియ్యలేదు. “మీ మణికట్టు చూసుకున్నారా అత్తయ్యా? ఆవిరికి ఉడికిన బన్నులా ఉబ్బిపోయింది. నిన్న మెట్ల మీద జారిపడి, ఇవాళ పెనం ఎత్తుతానంటారేమిటి?”

“నా చెయ్యి, నా పెనం. కుడిది పనికిరాకపోతే ఎడమది ఉంది.”

వుహాన్‌లో పొద్దున్నే ఇంట్లో పొయ్యి వెలిగించేవాళ్ళు తక్కువ. నువ్వుల ముద్ద కలిపిన నూడుల్స్ గిన్నె చేత్తో పట్టుకుని నడుస్తూనే తినేస్తారు, రేవు చేరేసరికి గిన్నె ఖాళీ అవుతుంది. కానీ కువాంగ్ అవ్వ దౌపీ నడుస్తూ తినేది కాదు. దానికోసం ఆగాలి. పెసరపప్పు, బియ్యం కలిపి రుబ్బిన పిండిని పల్చటి అట్టులా పోసి, మీద గుడ్డు పరిచి, అట్టుని తిప్పి, దాని మీద జిగురన్నం, పంది మాంసం ముక్కలు, పుట్టగొడుగులు, వెదురు చిగుళ్ళు పేర్చి, అంచులు లోపలికి మడిచి, ఆ మొత్తాన్ని ఒక్క ఊపులో తిరగేయాలి. ఆ ఊపు కుదిరితే పైన బంగారు రంగు అట్టు కరకరలాడుతుంది. కుదరకపోతే పెనం నిండా చిందరవందర. దానికోసం నది అవతలి ఒడ్డు నుంచి పడవెక్కి వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు.

“వదినా, ఆ పిల్లని తిప్పనియ్యరాదూ!” అన్నాడు షూ. ఒకప్పుడు ఆ రేవులోనే పడవ నడిపినవాడు. “నీ పంతంతో మా కడుపులు మాడ్చకు.”

“అమ్మో, వద్దు!” అంది అతని వెనకే ఉన్న బస్సు డ్రైవరు లియెన్. “ఉత్తరాది పిల్ల. గోధుమ రొట్టెలు పిసుక్కునే చెయ్యి అది. దౌపీ తిప్పడం ఇక్కడ పుట్టినవాళ్ళకే చేతకాదు. అవ్వా, కావాలంటే రేపొస్తాం గానీ, పాడుచెయ్యకండి.”

లైనులో నవ్వులు లేచాయి. పెయ్‌లిన్ చెవులు ఎర్రబడ్డాయి. ఆమె యాస విని కూరగాయల అంగడిలో కూడా జనం ఇలాగే నవ్వుతారు. అయినా పెనం వదల్లేదు.

కువాంగ్ అవ్వ ఆమెని భుజంతో పక్కకి నెట్టి, రెండు చేతులా పెనం పట్టి ఎత్తింది. జానెడు లేచిందో లేదో, మణికట్టు కలుక్కుమంది. పెనం పొయ్యి మీద ఠంగుమని పడింది. అవ్వ పెదవి కొరుక్కుంది.



అవ్వ ఒక అడుగు పక్కకి జరిగింది. “చెడిందో, పెనం మొత్తం నువ్వే తింటావు,” అంది.

పెయ్‌లిన్ గరిటెడు పిండి పోసి, పిండి పరిచే ఆల్చిప్ప వీపుతో గుండ్రంగా లాగింది. పిండి కాగితమంత పల్చగా పెనం అంచులదాకా పాకింది. గుడ్డు పోసి పరిచింది. అంచు లేవగానే అట్టుని రెండో వైపుకి తిప్పి, అన్నం, మాంసం ముక్కలు పేర్చసాగింది.

“మంట తగ్గించు.”

“తగ్గించాను.”

“అన్నం అంత ఒత్తకు. ఊపిరాడాలి దానికి.”

“ఒత్తట్లేదు అత్తయ్యా.”

“నూనె...”

“అంచుల వెంట. పోస్తున్నాను.”

నూనె చుట్టూ దిగి చిటపటలాడింది. పెయ్‌లిన్ పెనాన్ని గుండ్రంగా ఊపి చూసింది. లోపలిదంతా ఒక్క ముద్దగా, నీళ్ళలో పడవలా జారింది. ఆమె కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. లియెన్ కళ్ళు మూసుకుంది.

పెనం లేచింది. దౌపీ మొత్తం గాల్లోకి ఎగిరి, ఒళ్ళు విరుచుకున్నట్టు ఒక్కసారి తిరిగి, పెనంలో మెత్తగా వాలింది. ఎక్కడా చిరుగు లేదు. ఒక్క మెతుకు బయట పడలేదు. బంగారు రంగు మీద పొయ్యి వెలుగు తళతళమంది.

షూ తొడ చరుచుకున్నాడు. “నదికి అడ్డంగా పడవ తిప్పినట్టు తిప్పావు కదే తల్లీ!”

పెయ్‌లిన్ పళ్ళెం అంచుతో చదరాలుగా కోసింది. షూ కంటే ముందే మొదటి గిన్నె కోసం చెయ్యి చాపింది లియెన్. ఊదుకుంటూ ఒక ముక్క కొరికింది. కరకరమన్న చప్పుడు అందరికీ వినిపించింది. అందరూ ఆమె మొహమే చూస్తున్నారు. లియెన్ నోరు నిండుగా ఉంది. గిన్నె ముందుకి తోసి, ఇంకో ముక్క వెయ్యమని చేత్తో సైగ చేసింది.

లైనంతా ఘొల్లున నవ్వింది. “రొట్టెల చెయ్యి అన్నావుగా!” అని ఎవరో ఏడిపించారు.

“ఇక్కడి చెయ్యే,” అంది లియెన్ మింగుతూ. “పొరపాటున అక్కడ పుట్టింది.”

పెయ్‌లిన్ అత్తగారి వైపు తిరిగింది. అవ్వ నవ్వలేదు, మెచ్చుకోలేదు. ఒంటి చేత్తో ఏప్రన్ ముడి విప్పి, మేకుకి తగిలించి, కొట్లోంచి బయటికి నడిచింది.

“వదినకి కోపం వచ్చింది,” గొణిగాడు షూ.

“అత్తయ్యా! ఎక్కడికి?” పెయ్‌లిన్ కొట్టు అంచుదాకా వచ్చింది. “నేనేం తప్పు చేశాను? ఆగండి అత్తయ్యా!”

అవ్వ వెనక్కి చూడలేదు. షూని దాటింది, లియెన్‌ని దాటింది, లైను పొడవునా ఒక్కొక్కరినీ దాటుకుంటూ కరెంటు స్తంభం దాకా వెళ్ళింది. అక్కడ అందరికంటే చివర ఉన్న మనిషి వెనక ఆగి, చేతులు కట్టుకుని నిలబడింది.

“అందరూ నన్నేం చూస్తారు? ముందుకి జరగండి,” అంది. “పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, నాకూ ఎవరో వేడిగా చేసి పెడుతున్నారు.”