నో ఇష్యూ

"పాపని బస్సులోంచి దింపించండి సార్. మీ కాళ్ళు పట్టుకుంటాను," అందామె రొప్పుతూ.

శిబిరం అధికారి తలెత్తాడు. వరదకు ఇళ్ళు పోయినవాళ్ళంతా ఇన్నాళ్ళూ తలదాచుకున్న గోదాము అది. ఈ రోజుతో మూసేస్తున్నారు. మడత మంచాలు అప్పుడే గోడవారకు చేరాయి. బయట బస్సు ఇంజను ఆగకుండా నడుస్తోంది. నా అన్నవాళ్ళు లేని పిల్లల్ని ఎక్కడో దూరాన ఉన్న అనాథాశ్రమానికి చేర్చే బస్సు.

"ఏ పాప?"

"కిటికీ పక్కన, నా శాలువా కప్పుకుని కూర్చుంది చూడండి. నేను బట్టలు ఉతుక్కుని వచ్చేసరికి ఎక్కించేశారు. అది నా బిడ్డ సార్."

అధికారి కంప్యూటర్లో వెతికాడు. "మీకు పిల్లలు లేరని ఉందమ్మా ఇక్కడ."

"నేనలా చెప్పలేదు!"

"మీ గొంతే వినండి."

మొదటి రోజు సాయానికి వచ్చిన విదేశీ కుర్రాళ్ళకు ఇంగ్లీషు తప్ప ఇంకో ముక్క రాదు. అందుకని ప్రతి ఒక్కరి జవాబూ రికార్డు చేసి పెట్టుకున్నారు. అధికారి మీట నొక్కాడు. రేకుల మీద వాన చప్పుడు. ఆ వెనక ఎవరిదో పరాయి గొంతు, "ఎనీ ఇష్యూ?" అని. ఆ తర్వాత చలికి వణుకుతున్న ఆమె గొంతు.

"నో. నో ఇష్యూ."

ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఇష్యూ అంటే... ఇబ్బంది అనే కదా సార్?"

"అంటే?"

"ఫోను పనిచెయ్యకపోతే ఇష్యూ అంటాం. కుళాయిలో నీళ్ళు రాకపోయినా ఇష్యూయే. పక్కింటివాళ్ళతో మాటా మాటా వచ్చిందంటే అదీ ఇష్యూయే. ఏమైనా ఇబ్బందా అని అడిగాడనుకున్నాను."

అధికారి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇల్లు కొట్టుకుపోయి కట్టుబట్టలతో వచ్చిన మనిషి, ఇబ్బందేమీ లేదని చెప్పిందంటే నన్ను నమ్మమంటారా?"

బయట డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె రెండు చేతులతో బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"నా వెనక ఎంత వరస ఉందో మీకు తెలీదు సార్. ఒకావిడ కదలని మొగుణ్ణి చేతుల్లో పట్టుకుని ఉంది. వాళ్ళ ముందు నిలబడి నాకు ఇబ్బందని ఏ నోటితో చెప్పను? ఏం లేదు బాబూ, ముందు వాళ్ళని చూడు అన్నట్టుగా అన్నాను."

అధికారి ఫోను తీసి ఏదో వెతికాడు.

"మీ తప్పేం లేదనుకోండి. నేను స్టోర్సులో ఉన్నప్పుడు దుప్పట్లు ఇవ్వడాన్ని ఇష్యూ అనేవాళ్ళం. పత్రిక సంచికా ఇష్యూయే, గొడవా ఇష్యూయే. ఆఁ, ఇదిగో. చైల్డ్, ఆఫ్‌స్ప్రింగ్, ప్రోజెనీ. ఇవన్నీ దానికి పర్యాయపదాలట. సంతానం అని అర్థం. కోర్టుల్లో వాడే మాట."

"బిడ్డ అనడానికి అన్ని మాటలుంటే ఆ అబ్బాయికి ఇదే దొరికిందా సార్?" ఆమె బల్ల మీదికి వంగింది. "చైల్డ్ అని అడిగితే ఎవరికి తెలీదు? పలక పట్టిన పిల్లలకి కూడా తెలుసే!"

"మరి పాప ఆ రోజు మీ పక్కన లేదేం?"

"ఒళ్ళు కాలిపోతోందని పడవ దిగగానే డాక్టర్ల గదికి తీసుకుపోయారు. మూడు రోజులు దాని మంచం దగ్గరే కూర్చున్నాను. అక్కడి నర్సులంతా చూశారు."

"మీ వీధివాళ్ళెవరైనా ఉన్నారా, సాక్ష్యం చెప్పడానికి?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "మా వైపు పడవ రావడం బాగా ఆలస్యమైంది సార్."

అధికారి పాపను పిలిపించాడు. ఏడేళ్ళుంటాయేమో. శాలువా నేల మీద ఈడ్చుకుంటూ వచ్చి, ఆమెను చూసి ఆగిపోయింది.

"పాపకి పళ్ళెన్ని ఊడాయమ్మా?" అని అధికారి ఉన్నట్టుండి ఆమెనే అడిగాడు.

"రెండు. ఒకటి ఇక్కడే, మొన్న రొట్టె కొరుకుతుంటే ఊడింది. మొదటిది బళ్ళో. నెత్తురు చూసి బెదిరిపోయి ఒకటే ఏడుపు. నేనే నోరు కడిగి ఊరుకోబెట్టాను."

పాప నోరు తెరిచి ఖాళీలు చూపించింది. అధికారికి నవ్వొచ్చింది గానీ, ఆపుకున్నాడు.

"ఈవిడెవరు తల్లీ?"

పాప ఆమె వంక చూసింది. కింది పెదవి వణికింది.

"అమ్మ," అని ఒక్క ఉదుటున వెళ్ళి ఆమె నడుము చుట్టేసుకుంది. "అమ్మా, నన్ను పంపించెయ్యొద్దు. నేను ఆ బస్సెక్కను. నీ దగ్గరే ఉంటాను."

ఆమె వంగి పాపను ఎత్తుకుంది. మోయలేనంత బరువున్నా కిందికి దించలేదు.

అధికారి కాసేపు కిటికీలోంచి బస్సును చూస్తూ ఉండిపోయాడు. "ఇన్నాళ్ళలో ఈ పాపని వెతుక్కుంటూ ఇంకెవరూ రాలేదు," అని తనలో తనే అనుకున్నట్టుగా అన్నాడు. తర్వాత కంప్యూటర్లో పాత జవాబు తుడిచేసి కొత్తది కొట్టాడు.

"సంతానం ఒకరు, ఆడపిల్ల. సరేనా? ఒక్క మాట పట్టుకుని తల్లీబిడ్డల్ని విడదీసేవాణ్ణి. ఏమీ అనుకోకండమ్మా."

ఆమె పాపను కిందికి దించి చేతులు జోడించింది.

బస్సు కదిలి వెళ్ళిపోయింది. ఇద్దరూ గోదాము వెనక మెట్ల దాకా వచ్చారు. అక్కడ ఆమె కూలబడిపోయి, పాపను ఒళ్ళోకి లాక్కుని, ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా ఒక్కసారిగా ఏడ్చింది. పాప శాలువా కొంగుతో ఆమె కళ్ళు తుడిచింది. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, చెవి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"ఇంగ్లీషు టీచర్, ఇంక ఎప్పటికీ మిమ్మల్ని అమ్మా అనే పిలవాలా?"