పదిసార్లూ ఒకే మాట

"ఏసీ ఆపి తూచండి బాబూ. గాలికి కాటా తప్పు చెబుతాదండి."

నాగబాబు తలెత్తాడు. గుమ్మంలో ఒక నడివయసు ఆడమనిషి. భుజాన ఎవరో మేడమ్ గారి సంచి.

దుబాయ్ దగ్గర ఉమ్ అల్ క్వైన్‌లోని ఆ షూటింగ్ క్లబ్బులో నాగబాబు స్టోర్‌కీపర్. సభ్యుల రైఫిళ్లకు తూటాలు అక్కడే తయారుచేస్తారు. మందు తూచడంలో రవ్వంత తేడా వచ్చినా గురి చెదురుతుంది.

కిందటి నెల అతను ఎంచిన కాటా అలాగే ముంచింది.

"ఇంకోసారి తప్పితే ఖలాస్. ఇంటికి టికెట్ చేతిలో పెడతా" అన్నాడు ముదీర్, అంటే క్లబ్బు మేనేజర్.

అందుకే పొద్దున్నే వెంకన్న పటం ముందు నిలబడి, "దారి చూపించు స్వామీ" అని మొక్కుకుని వచ్చాడు.

ఇప్పుడు బల్ల మీద రెండు కాటాలు. ఒకటి తళతళలాడే డిజిటల్‌ది. రెండోది ముల్లుతో బరువు చెప్పే పాత రకం.

"ఏ ఊరమ్మా మీది?"

"ముమ్మిడివరం అండి. మాణిక్యం అంటారు. మరియం మేడమ్ ఇంట్లో పనండి."

"ఇంటిపనికీ తూటాలకీ సంబంధం ఏంటి?"

"ఒకటే గుండుని పదిసార్లు పెట్టి చూడండి. పదిసార్లూ ఒకే మాట చెప్పేదాన్ని కొనండి."

కాటాలు అమ్మడానికి వచ్చిన ఆశిష్ పకపకా నవ్వాడు. "ఆంటీ, యే సబ్జీ మార్కెట్ నహీ!"

నాగబాబూ నవ్వేశాడు. "వెళ్లి బయట బెంచీ మీద కూర్చోండమ్మా. ముదీర్ చూస్తే నాకు మాటొస్తుంది."

"ఆయ్, అలాగేనండి" అంది, కోపం లేకుండా.

ఏది కావాలో చూసుకోమని కాటాలు రెండూ వదిలి ఆశిష్ వెళ్లిపోయాడు. ఆమె మాట మాత్రం పోలేదు.

నాగబాబు ఏసీ ఆపాడు. చెమటలు కారుతున్నా ఒకే గుండును పదిసార్లు తూచాడు.

తళతళలాడేది నాలుగు రకాలుగా చెప్పింది. పాతది పదిసార్లూ ఒకే గీత మీద ఆగింది. దాన్నే కొన్నాడు.

అద్దం తలుపు అవతలి నుంచి మాణిక్యం చూస్తోంది. అతను చూడగానే తల తిప్పుకుంది.

రెండు వారాలకు, తూటాలు గురి తప్పడం లేదని ముదీర్ భుజం తట్టాడు. "షాబాష్! ఎవరు చెప్పారు నీకు?"

"నేనే చూశాను సార్."

అన్నాడే గానీ, ఆ పూట అన్నం సయించలేదు.

శుక్రవారం మరియం మేడమ్ వచ్చింది. ఆ క్లబ్బులో గురికి ఆమె తర్వాతే ఎవరైనా. నాగబాబు ఖర్జూరం డబ్బా పట్టుకుని ఎదురెళ్లాడు.

"మాణిక్యం గారు రాలేదా మేడమ్? ఆవిడకి ఒక మాట చెప్పుకోవాలి."

"ఖలాస్. నిన్ననే ఊరెళ్లింది. కూతురికి పురుడు. ఇక రాదు" అంది ఆమె వచ్చీరాని హిందీలో.

నాగబాబు డబ్బాను బల్ల మీద పెట్టేశాడు. దారి అడిగిందీ తనే, వచ్చిన దారిని బెంచీ మీద కూర్చోబెట్టిందీ తనే. స్వామి ఏ గొంతుతో పలుకుతాడో ముందుగా ఎవరికి తెలుస్తుంది?

మేడమ్ సంచిలోంచి చిన్న పట్టకారు తీసింది. వేళ్లు పడేచోట ఇత్తడి అరిగిపోయి ఉంది.

"నీకిమ్మంది."

"నాకా? ఎందుకు మేడమ్?"

"ఆరేళ్లుగా నా తూటాల ఖాళీ గొట్టాలు ఒక్కొక్కటీ తూచి, ఒకే బరువున్నవి ఏరి, జత చేసింది మాణిక్యమే. ఆ రోజు తన పని ఎవరి చేతిలో పెట్టాలా అని చూసుకోవడానికే వచ్చింది. ఏసీ ఆపి పదిసార్లు తూచేవాడు దొరికాడని చెప్పి వెళ్లింది."