రబ్బరుదా, ఇనుపదా

సరిహద్దు ఊరు కొంటాలో, బజారు మొదట్లో స్పీడ్‌బ్రేకర్ మీద బండి ఎగిరిపడింది. వెనక కూర్చున్న ఆయతి కుడికాలి కింద ఫుట్‌రెస్ట్ విరిగి రోడ్డు మీద పడింది.

"కాలు ఎత్తి పట్టుకో. శబరి వంతెన దాటాక చూద్దాం" అన్నాడు లక్ష్మణ్ హిందీలో.

పట్టుకోలేకపోయింది. కాలు జారి సైలెన్సర్‌కు తగిలింది. ఆమె అరుపుకి బజారులో నలుగురూ తిరిగి చూశారు. లక్ష్మణ్‌కి బండి ఆపక తప్పలేదు.

పక్కనే రాజేశ్వరరావు మెకానిక్ షెడ్డు.

"రా లక్ష్మణ్, చానా రోజులకు కనబడ్డవ్. ఈ పిల్లెవరు?"

"మా చెల్లె. అవతల ఆస్పత్రిల ఆయా పని ఇప్పిస్తున్న."

"నీకు చెల్లెండ్లు చానామందే ఉన్నరు" అని రాజేశ్వరరావు నవ్వాడు. లక్ష్మణ్ కూడా నవ్వాడు.

ఆయతి తల దించుకుంది. ఆమెది చింతలనార్ అవతలి గోండు పల్లె. పిన్నితో కలిసి మిరపకాయలు కోయడానికి తెలంగాణకు పోయి, చేలల్లోనే తెలుగు నేర్చుకుంది. ఆ సంగతి లక్ష్మణ్‌కి తెలియదు. అందుకే దారిలో ఎర్రబోరు ఊళ్లో టీ తాగుతూ ఆమె ముందే తెలుగులో ఫోన్ మాట్లాడాడు. "పిల్ల నాతోనే ఉంది. పెండ్లని చెప్పలేదు, పనికని తెచ్చిన. పెండ్లికొడుకోళ్లది ఏ రాష్ట్రమో కూడ పిల్లకు చెప్పకు. రైలెక్కినంక ఏడిస్తే ఏడుస్తది."

అప్పటికే ఆమె ఫోన్ చార్జింగ్ పెడతానని తీసుకున్నాడు. ఆధార్ కార్డు కూడా అతని జేబులోనే ఉంది.

రాజేశ్వరరావు రెండు రకాల ఫుట్‌రెస్టులు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇది రబ్బరుది. మెత్తగుంటది, బండి అదురు కాలికి తెల్వదు. బురదకాలు పెడితే మాత్రం జారుతది. ఇది ఇనుపది. దీనికి పళ్లుంటయ్, చెప్పును గట్టిగ పట్టుకుంటది. ఒట్టికాలు పెడితే కోసుకపోతది."

"ఏదో ఒకటి వెయ్యన్నా, తొందరగ."

"ఏదో ఒకటంటే ఎట్ల? కాలు పెట్టేది ఆ పిల్ల. ఆమె చెప్పాలె."

లక్ష్మణ్ ఫోన్ మోగింది. మాట్లాడుతూ రోడ్డు వైపు నాలుగడుగులు వేశాడు. ఇల్లు వదిలినప్పటి నుంచి అతను పక్కన లేనిది ఇప్పుడే.

ఆయతికి మాట నోటి దాకా వచ్చింది. చెబితే ఈ మనిషి ఏం చేస్తాడు? వీళ్లిద్దరికీ ఎన్నాళ్ల పరిచయమో. చెప్పకపోతే వంతెన వచ్చేస్తుంది. రబ్బరుదాన్ని చేతిలోకి తీసుకుని, తెలుగులో మెల్లగా అడిగింది.

"దేనికి ఎక్కువ సేపు పడతది?"

రాజేశ్వరరావు ఆమె ముఖంలోకి చూశాడు. కాలి మీద లేస్తున్న బొబ్బను చూశాడు.

"రెంటికీ ఒకటే సేపు" అనేసి, బోల్టులు వెతుక్కుంటానని లోపలికి పోయాడు.

అంతే. ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది. ఆయతి లేచి బజారు వైపు చూసింది. సంతకు వచ్చిన ఆడవాళ్లు బస్సు ఎక్కుతున్నారు. ఒక అడుగు వేసింది.

"ఏడికి?" రాజేశ్వరరావు గొంతు వెనక నుంచి వినబడింది. "ఎండల తిరగొద్దు. లోపల కూసో."

పాత టైర్ల మధ్య స్టూలు వేసి ఆమెను కూర్చోబెట్టాడు. తర్వాత బండిని తెచ్చి సరిగ్గా గుమ్మానికి అడ్డంగా నిలబెట్టాడు. ఇక బయటికి పోవాలంటే అతన్నీ బండినీ దాటాల్సిందే.

పని మొదలైంది. ఫుట్‌రెస్ట్ బిగించే కడ్డీ వంగిందన్నాడు. సైలెన్సర్ విప్పితే గానీ బోల్టు రాదన్నాడు. సైలెన్సర్ విప్పాక వెనక చక్రం ఊగుతోందని దాన్నీ ఊడదీశాడు. రబ్బరుది పెట్టి చూసి, మళ్లీ తీసి, ఇనుపదే మేలేమో అని గొణుక్కున్నాడు.

"ఇంత పని ఎవడు చెయ్యమన్నడు నిన్ను?" లక్ష్మణ్ గొంతు పెంచాడు.

"నీ బండంటే నా బండి. తోవల ఊడితే పేరు పోయేది నాది."

లక్ష్మణ్ విసుగ్గా మళ్లీ ఫోన్ తీశాడు. "బండంత విప్పి కూసున్నడు. మీరే కారు తీస్కొని కొంటా రండ్రి. ఈడనే అప్పజెప్త."

ఆయతి గుమ్మం వైపు చూసింది.

"అది మంచిగున్నది" అన్నాడు రాజేశ్వరరావు, తల ఎత్తకుండానే. "వాళ్లనే ఇటు రమ్మను. నువ్వు పోయి ఎదురుంగ టీ తాగు. పిల్లను నేను చూస్కుంట."

లక్ష్మణ్ నిశ్చింతగా రోడ్డు దాటి టీ కొట్టుకు పోయాడు.

రాజేశ్వరరావు గ్లాసుతో నీళ్లు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "తాగు బిడ్డా." ఆ నీళ్లలో ఏం కలిపారో ఎవరికి తెలుసు? ఆయతి గ్లాసు ముట్టుకోలేదు. అతను రెండోసారి చెప్పలేదు. తిరిగి పోయి అదే బోల్టును బిగించి, విప్పి, మళ్లీ బిగిస్తూ కూర్చున్నాడు. మధ్యమధ్య రోడ్డు వైపు చూస్తున్నాడు.

ఆమె అమ్మను తలుచుకుంది. మొదటి జీతంతో పైకప్పుకు రేకులు వేయిస్తానని చెప్పి వచ్చింది. కూతురు ఏ ఊళ్లో ఉందో కూడా అమ్మకి ఎప్పటికీ తెలియదు.

షెడ్డు ముందు ఏదో బండి వచ్చి ఆగింది. తలుపులు తెరుచుకున్న చప్పుడైంది.

"వచ్చిన్రు" అంటూ రాజేశ్వరరావు చేతులు గుడ్డకు తుడుచుకుని లేచి, దారి ఇచ్చాడు.

ఆయతి స్టూలు అంచును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. కళ్లు మూసుకుంది. అడుగుల చప్పుడు దగ్గరికొచ్చి ఆగింది.

ఇద్దరు పోలీసులు టీ కొట్టు వైపు పరుగెత్తుతుండగా, వాళ్లతో వచ్చిన మహిళా కానిస్టేబుల్ ఆయతి ముందు వంగి గోండీలో అడిగింది: "మెకానిక్ ఫోన్ చేసి చెప్పిన పిల్లవు నువ్వేనా?"