పాత కార్డులు కావలెను

“మళ్ళీ నమిలేసిందా?” వదిన వంటింట్లోంచి తొంగిచూసి నవ్వింది.

ఇంజినీరమ్మ మిషన్ ఆపింది. ఇంట్లోవాళ్ళు ఆమెకు వెక్కిరింపుగా పెట్టిన పేరది. భోజనాల బల్ల మీదున్న మిషన్ రోలర్ల మధ్య నుంచి చిరిగిన కార్డును పీకింది.

బొమ్మల కార్డులు సేకరించేవాళ్ళు వాటిని ఇంట్లోనే వరసలవారీగా సర్దుకునే మిషన్ అది. తను పనిచేసే కంపెనీవాళ్ళు “ఇదేం ఆటవస్తువు?” అని తీసిపారేస్తే, ఉద్యోగం వాళ్ళ మొహాన కొట్టి వచ్చేసింది.

కొత్త కార్డులు చకచకా వెళ్ళిపోతున్నాయి. పాతవాటితోనే తంటా. వంకర్లు తిరిగి, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి.

“పాత కార్డులు కావలెను. చిరిగితే మా పూచీ లేదు” అని కార్డుల కొట్లో కాగితం అంటించింది. చదివినవాళ్ళంతా నవ్విపోయారు.

ఒక్క ముసలాయన మాత్రం గుడ్డసంచీతో వచ్చాడు. దాన్ని బల్ల మీద పెడుతుంటే ఆయన చేతులు గడగడా వణికాయి.

“ఇవి పనికొస్తాయా అమ్మా?”

“చిరుగుతాయి తాతగారూ.”

“చిరగనీ. ముందు తిప్పు.”

చిరిగాయి. వారం తిరక్కుండా ఇంకో సంచీ తెచ్చాడు. అవీ చిరిగాయి.

“చెత్త ఏరుకునేవాళ్ళని కూడా ఇంట్లోకి రానిస్తున్నావా? ఇక కట్టిపెట్టు,” అన్నాడు అన్నయ్య, ఆయన ఎదుటే.

“కట్టిపెట్టను!” అందామె.

“అదీ మాట!” అన్నాడు ముసలాయన. “నా చేతులదీ రోజూ అదే పోరు, ఇక కట్టిపెట్టమని. వింటున్నానా?”

ఆమె రోలర్లు మార్చింది. స్ప్రింగు సడలించింది. ఆయన మళ్ళీ వచ్చాడు.

ఆ మధ్యాహ్నం సంచీడు కార్డులూ ఒక్క గీతైనా పడకుండా వరసల్లో కూర్చున్నాయి.

“గెలిచాం తాతగారూ! ఇవి తీసుకెళ్ళండి.”

“నీ దగ్గరే ఉంచు. ఎవడైనా కాదంటే వీటితోనే చేసి చూపించు.”

ఆయన మళ్ళీ రాలేదు.

ఆమె మిషన్ను, తాతగారిచ్చిన సంచీని కార్డులు సేకరించేవాళ్ళ సంఘానికి మోసుకెళ్ళింది. ముసిముసిగా నవ్వుతూ దగ్గరికొచ్చిన అధ్యక్షుడు, మొదటి కార్డు చూసి కొయ్యబారిపోయాడు.

“ఇవెక్కడివి?”

“చేతులు వణికే ఒక తాతగారిచ్చారు. ఇలాంటివి బోలెడు నా మిషన్లో పడి చిరిగిపోయాయి కూడా.”

అధ్యక్షుడు కార్డు అంచును వేలికొసతో తడిమాడు.

“మొన్ననే కాలం చేశారమ్మా. లోకం మొత్తంలో ఇవి ఆయన ఒక్కరి దగ్గరే ఉండేవి. ఒక్కసారి చేతికివ్వమని మేమంతా ఏళ్ళ తరబడి బతిమాలినా, వేలితో ముట్టుకోనివ్వలేదు.”