అద్దం మీద నక్షత్రాలు

చక్రధర్ అక్వేరియం అద్దం మీంచి ఇంకో బుల్లి స్టార్‌ఫిష్‌ని ట్వీజర్స్‌తో పీకి గ్లాసులో వేశాడు.

“ముప్పై ఎనిమిది!” అన్నాడు గర్వంగా.

చిటికెన వేలి గోరంత కూడా లేని ఆ జీవులే తను ట్యాంకులో పెంచుకుంటున్న పగడపు జీవిని, కోరల్‌ని, తినేస్తున్నాయని అతని నమ్మకం. నమ్మకం కూడా కాదు, తీర్పు. రెండేళ్లుగా విచ్చుకుని కళకళలాడిన ఊదా కోరల్ నెల రోజుల్లో సగం పాలిపోయింది.

“నాన్నా, పాపాయి ఓకే ఆ?” అంది ఏడేళ్ల అక్షర. పాపాయి అంటే ఆ ఊదా కోరల్ అన్నమాట.

“డోంట్ వర్రీ తల్లీ. నేను బతికిస్తాగా!”

“అయి తినవు బాబూ.”

చక్రధర్ తిరిగి చూశాడు. హాల్లో ఏసీ కడగడానికొచ్చిన ముసలాయన, సన్యాసిరావు. మలేసియాలో పుట్టి సింగపూర్‌లో స్థిరపడ్డ తెలుగువాడు. నిచ్చెన మీంచే ట్యాంకును చూస్తున్నాడు.

“కళ్లారా చూశానంకుల్. పొద్దున లేచేసరికి దాని మీదే ఉంటున్నాయి.”

“కుళ్లిన పండు మీద ఈగ వాల్తాది. పండుని కుళ్లబెట్టింది ఈగ కాదు గదా?”

యూట్యూబులో పట్టా పుచ్చుకున్నవాడికి ఏసీ కడిగేవాడి మాట చెవికెక్కుతుందా? చక్రధర్ నవ్వేసి మళ్లీ అద్దంలోకి తొంగి చూశాడు.

సన్యాసిరావు కిందికి దిగాడు. “పగలు ఏసీ ఆపేస్తారా?”

“నెలన్నర నుంచి మా ఆవిడ కూడా ఆఫీసుకెళ్తోంది. ఎవరూ లేని ఇంటికి ఏసీ ఎందుకంకుల్?”

“ఎవరూ లేరా?” అన్నాడాయన ట్యాంకు వైపు చూస్తూ. “తలుపులేసిన ఇంట్లో నీళ్లు ఉడికిపోవా?”

చక్రధర్‌కి ఒళ్లు మండింది. “మీరు ఏసీ సంగతి చూడండి చాలు.”

ఆయన మళ్లీ నిచ్చెనెక్కాడు. పని ముగించి వెళ్లేటప్పుడు మాత్రం, “ఆటిని పారెయ్యకు, నాకిచ్చెయ్యి” అని ఆ ముప్పై ఎనిమిదింటినీ నీళ్లతో సహా ప్లాస్టిక్ సంచిలో పోయించుకుని, జాగ్రత్తగా ముడి వేసి పట్టుకుపోయాడు.

మూడు వారాలు గడిచాయి. ట్యాంకులో ఒక్క స్టార్‌ఫిష్ కూడా మిగల్లేదు. కోరల్ కూడా మిగల్లేదు. అక్షర వెక్కి వెక్కి ఏడ్చింది.

చక్రధర్ బెడోక్ పేటలో ఆ కోరల్ కొన్న షాపుకి పరుగెత్తాడు.

“అచ్చం అలాంటిదే ఇంకోటి కావాలి ఆంటీ.”

“ఇంక రాదు లా,” అంది షాపు యజమాని యోగేశ్వరి సింగపూర్ యాసలో. “సింగపూర్ మొత్తంలో ఆ రంగు ఒక్క ఇంట్లోనే ఉండేది. బూన్ లే పేటలో ఒక అంకుల్ ఇరవై ఏళ్లు పెంచి, ముక్కలు కోసి అమ్మకానికి నాకిచ్చేవాడు. నీకిచ్చిందీ ఆయనదే. పోయిన వారమే అన్నీ ఎత్తేసి, మలేసియాలో వాళ్ల ఊరికెళ్లిపోయాడు.”

“ఇరవై ఏళ్లా! స్టార్‌ఫిష్ రాకుండా ఏం మందు వాడేవాడో మీకేమైనా తెలుసా?”

యోగేశ్వరి ఫక్కున నవ్వి, ఫోన్లో పాత ఫోటో ఒకటి తెరిచి చేతికిచ్చింది.

అద్దం నిండా బుల్లి నక్షత్రాలు, వాటి మధ్య కాలీఫ్లవర్ అంత ఊదా కోరల్, పక్కనే నిచ్చెన భుజానేసుకుని నవ్వుతూ సన్యాసిరావు.